అన్నవాహిక చిరిగితే: ఎంత లోతు, ఎన్ని గంటలు

ఆస్పత్రిలో డాక్టర్ బయటికి వచ్చి "అన్నవాహిక చిరిగింది" అంటే ఇంట్లోవాళ్ళకు సగం మాటే అర్థమవుతుంది. ఎందుకంటే పక్క బెడ్ మీదున్న మనిషికీ అదే మాట చెప్పి ఉంటారు. ఆయన రెండు రోజుల్లో ఇడ్లీ తిని ఇంటికి వెళ్ళిపోతాడు. మనవాళ్ళని మాత్రం ఐసీయూకి మారుస్తారు, ఛాతీలో గొట్టం వేస్తారు, నోట్లో చుక్క నీళ్ళు కూడా పోయొద్దంటారు. ఒకే జబ్బుకి ఇంత తేడా ఏమిటని అనుమానం రావడం సహజం. నిజానికి అవి రెండు వేరు వేరు జబ్బులు. చిరుగు అన్న మాట ఒక్కటే అయినా, అది ఎంత లోతుకి దిగింది, దిగి ఎన్ని గంటలైంది అన్నదాన్ని బట్టి వైద్యం పూర్తిగా మారిపోతుంది. ఈ రెండు ప్రశ్నలూ మనసులో ఉంటే డాక్టర్ చేస్తున్న ప్రతి పనికీ కారణం తెలుస్తుంది.

ముందు ఆ గొట్టం సంగతి చూద్దాం. గొంతు కింద మొదలై, ఛాతీ మధ్యలో వెన్నెముక ముందుగా, గుండె వెనకగా దిగి, ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డుగోడలా ఉండే డయాఫ్రం కండరంలోని సందు గుండా పొట్టను చేరేది అన్నవాహిక. పెద్దవాళ్ళలో సుమారు 25 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. లోపల మెత్తటి పొర, దాని కింద గట్టి దారాల్లాంటి పొర, ఆ పైన రెండు వరసల కండరాలు. పొట్టకీ పేగులకీ వీటన్నిటి మీద ఇంకొక నున్నటి, గట్టి బయటి పొర ఉంటుంది. అన్నవాహికకు ఆ పొర లేదు. సర్జన్లకు ఇది చాలా పెద్ద లోటు. పేగుకి కుట్టు వేస్తే ఆ బయటి పొర కుట్టుని పట్టి ఉంచుతుంది, కొన్ని గంటల్లోనే అంటుకోవడం మొదలుపెడుతుంది. అన్నవాహిక కండరంలో వేసిన కుట్టు తడి కాగితంలో వేసిన కుట్టులా కోసుకుపోతుంది.

ఇంకో ఇబ్బంది అది ఉన్న చోటు. మనం ఊపిరి పీల్చిన ప్రతిసారీ ఛాతీ లోపల ఒత్తిడి తగ్గుతుంది, అందుకే గాలి లోపలికి వస్తుంది. అన్నవాహికకు రంధ్రం పడితే అదే ఊపిరి గాలితో పాటు ఉమ్మిని, పొట్టలోని ఆమ్లాన్ని, తిన్న మెతుకుల్ని కూడా ఛాతీలోకి లాగేస్తుంది. మనకి తెలియకుండానే రోజుకి లీటరుకి పైగా ఉమ్మి మింగుతాం. అందులో లెక్కలేనన్ని బాక్టీరియా ఉంటాయి. నోట్లో ఉన్నంతసేపూ వాటితో పెద్ద ఇబ్బంది లేదు. గుండె చుట్టూ, ఊపిరితిత్తుల చుట్టూ చేరితే మాత్రం కొన్ని గంటల్లో చీము, ఆపైన ఇన్‌ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే సెప్సిస్.

లోపలి పొర మాత్రమే చిరిగితే

ముందు తేలిక రకం. విపరీతంగా వాంతులైనప్పుడు, పొట్ట నుంచి ఎగదన్నే ఒత్తిడికి అన్నవాహికా పొట్టా కలిసే చోట లోపలి మెత్తటి పొర నిలువుగా చీరుకుపోతుంది. దీన్ని మాలరీ-వైస్ చిరుగు అంటారు. 1929లో అమెరికాలోని బోస్టన్‌లో కెనెత్ మాలరీ, సోమా వైస్ అనే ఇద్దరు డాక్టర్లు, బాగా తాగి ఆగకుండా వాంతులు చేసుకున్నాక రక్తం కక్కుకున్న 15 మంది గురించి రాశారు. వాళ్ళ పేర్లే దానికి స్థిరపడ్డాయి.

తాగిన వాళ్ళకే వస్తుందనుకోవడం పొరపాటు. గర్భిణికి నెలల తరబడి వేవిళ్ళు తగ్గకపోయినా, ఫుడ్ పాయిజనింగ్ అయినా, తెగని దగ్గు వచ్చినా రావచ్చు. మొదటి రెండు మూడు వాంతుల్లో తిన్నది పోతుంది, తర్వాతి వాంతిలో ఎర్రటి రక్తం కనిపిస్తుంది. దీనికి ఎక్కువగా కనిపించే వరస ఇదే. చూసిన వాళ్ళకి ప్రాణం పోయినంత భయం వేస్తుంది. కానీ పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఆ రక్తం తనంతట తానే ఆగిపోతుంది, రెండు మూడు రోజుల్లో ఆ పొర మానిపోతుంది.

అలాగని ఇంట్లో కూర్చోమని కాదు. రక్తపు వాంతికి ఇది ఒక్కటే కారణం కాదు కదా. లివర్ పాడైన వాళ్ళలో అన్నవాహిక చివర ఉబ్బిన రక్తనాళాలు పగిలినా రక్తమే కక్కుకుంటారు. అది చాలా ప్రమాదకరమైనది, దాని వైద్యం వేరు. కడుపులో పుండు నుంచి కూడా రక్తం రావచ్చు. ఏది ఏదో తేల్చేది ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి కెమెరా ఉన్న గొట్టం పంపి చూడడం. అందుకే సెలైన్ ఎక్కించి, ఆమ్లం తగ్గించే ఇంజెక్షన్, వాంతులు ఆపే మందు ఇచ్చి, సాధారణంగా 24 గంటల్లోపు ఎండోస్కోపీ చేస్తారు. చిరుగు కనిపించి రక్తం ఆగిపోయి ఉంటే దాని జోలికి వెళ్ళరు. ఇంకా కారుతుంటే చిన్న లోహపు క్లిప్పులతో చిరుగు అంచుల్ని దగ్గరికి బిగిస్తారు, లేదా రబ్బరు బ్యాండ్ వేస్తారు. అడ్రినలిన్ ఇంజెక్షన్ కూడా వాడతారు కానీ దానికి తోడుగా క్లిప్పో బ్యాండో వేస్తేనే గట్టిగా ఆగుతుంది. ఆపరేషన్ దాకా వెళ్ళేది చాలా అరుదు.

ఇక్కడ ఇంట్లోవాళ్ళు చేయాల్సిన పని ఒకటుంది. పేషెంట్ గుండె కోసం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే అడగకముందే డాక్టర్‌కి చెప్పాలి. మందుల చీటీ జేబులో పెట్టుకుని వెళ్ళడం ఇంకా మంచిది. వాటిని ఆపాలా, ఎన్నాళ్ళు ఆపాలి అన్నది గుండె డాక్టరూ ఈ డాక్టరూ కలిసి తేల్చాల్సిన విషయం, ఇంట్లో మనం నిర్ణయించుకునేది కాదు. ఇంటికి వచ్చాక విరేచనం తారులా నల్లగా, జిగటగా అవుతుంటే రక్తం ఇంకా పోతోందని అర్థం.

గోడ మొత్తం తెగితే

ఇప్పుడు రెండో రకం. దీని కథ 300 ఏళ్ళ కిందట నెదర్లాండ్స్‌లో మొదలైంది. 1723 అక్టోబరులో డచ్ నౌకాదళ పెద్ద, బేరన్ వాన్ వాసెనార్, ఎక్కువగా తిన్నప్పుడల్లా చేసే అలవాటు ప్రకారం కడుపు ఖాళీ చేసుకోవడానికి వాంతి మందు తాగాడు. వాంతి చేసుకుంటుండగా ఒక్కసారి భరించలేని నొప్పితో కేక పెట్టాడు. పొట్ట పైభాగంలో ఏదో తెగిపోయినట్టు ఉందని ఆయనే చెప్పాడు. ఆ నొప్పి తగ్గుతుందేమోనని ఆలివ్ నూనె తాగించారు, తర్వాత బీరు తాగాడు. ఎంతకీ తగ్గలేదు. ఒక రోజు కూడా తిరగకుండానే చనిపోయాడు. ఆయనకు వైద్యం చేసిన హెర్మన్ బూర్‌హావే లైడెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు, ఆ కాలానికి యూరప్ అంతా పేరున్న డాక్టర్. శవాన్ని కోసి చూస్తే ఛాతీలో నుంచి ఆయన తిన్న బాతు మాంసం వాసన వచ్చింది. ఊపిరితిత్తుల చుట్టూ ద్రవం నిండి ఉంది, తాగిన నూనె అందులో తేలుతోంది. అన్నవాహిక డయాఫ్రంకి కొంచెం పైన పూర్తిగా తెగిపోయి ఉంది. 1724లో బూర్‌హావే ఇదంతా వివరంగా రాసి ప్రచురించాడు. ఇలా వాంతి ఒత్తిడికి అన్నవాహిక గోడ మొత్తం తెగడాన్ని ఇప్పటికీ బూర్‌హావే సిండ్రోమ్ అంటారు.

ఈ కథలో నన్ను ఎప్పుడూ కలవరపెట్టేది ఆ నూనె. నొప్పితో అల్లాడుతున్న మనిషికి ఏదో ఒకటి తాగించాలని చుట్టూ ఉన్నవాళ్ళకి అనిపించింది. ప్రేమతోనే తాగించారు. తాగించిన ప్రతి గుక్కా ఆ రంధ్రం గుండా ఛాతీలోకి పోయింది. మన ఇళ్ళలోనూ ఇదే జరుగుతుంది. వాంతులైన మనిషి ఛాతీ పట్టుకుని మెలికలు తిరుగుతుంటే గ్యాస్ అనుకుని ఈనో కలిపి ఇస్తాం, సోడా పట్టిస్తాం, మజ్జిగో జీలకర్ర నీళ్ళో ఇస్తాం. నూటికి తొంభై తొమ్మిది సార్లు అది నిజంగా గ్యాసే అయి ఉండొచ్చు. కానీ బలంగా వాంతి అయిన వెంటనే ఛాతీలో కత్తితో పొడిచినట్టు నొప్పి పుట్టి, అది వీపుకో ఎడమ భుజానికో పాకుతూ నిమిషనిమిషానికీ పెరుగుతుంటే నోటికి ఏమీ ఇవ్వకూడదు, 108కి ఫోన్ చేయాలి.

వాంతి వల్ల తెగేది ఎక్కువగా అన్నవాహిక కింది భాగంలో, ఎడమ వైపు. ఆ చోట గోడకు ఆసరాగా ఆనుకుని ఉండే భాగాలు తక్కువ. వాంతి ఎగదన్నుకొచ్చినప్పుడు గొంతు దగ్గర కండరం సరిగ్గా తెరుచుకోకపోతే పైన దారి మూసుకున్న గొట్టం బలహీనమైన చోట పగులుతుంది. వాంతి, ఛాతీ నొప్పి, మెడ దగ్గర చర్మం కింద గాలి చేరడం - ఈ మూడూ కలిసి కనిపిస్తే అన్నవాహిక తెగిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మెడ మీద వేలితో నొక్కితే చర్మం కింద ఏదో చిటపటలాడుతుంది. కానీ చాలామందిలో మూడూ ఒకేసారి కనిపించవు. అందుకే దీన్ని గుండెపోటనో, పాంక్రియాస్ వాపనో, అల్సర్ పగిలిందనో పొరబడుతుంటారు. గుండెపోటు అనుకోవడంలో అదనపు ప్రమాదం ఉంది: గుండెపోటుకి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులు ఇక్కడ మేలు చేయకపోగా రక్తస్రావం పెంచుతాయి. "నొప్పి ముందా, వాంతి ముందా?" అని డాక్టర్ అడిగితే కచ్చితంగా గుర్తు తెచ్చుకుని చెప్పండి. ఆ ఒక్క వరసే కొన్నిసార్లు దారి చూపిస్తుంది.

అయితే అన్నవాహికకు రంధ్రం పడడానికి వాంతి ఒక్కటే కారణం కాదు, అసలు ముఖ్య కారణం కూడా కాదు. 2004లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష లెక్కల ప్రకారం 59 శాతం కేసుల్లో రంధ్రం వైద్యం చేస్తుండగానే పడింది. దానంతట అది తెగినవి 15 శాతం, మింగిన వస్తువుల వల్ల 12 శాతం, దెబ్బలూ గాయాల వల్ల 9 శాతం. ఈ మొదటి అంకె చూసి ఎండోస్కోపీ అంటే భయపడాల్సిన పని లేదు. కేవలం చూడడానికి చేసే ఎండోస్కోపీలో రంధ్రం పడేది వెయ్యిమందిలో ఒకరికి కూడా కాదు. మూసుకుపోయిన అన్నవాహికను బెలూన్‌తో వెడల్పు చేయడం లాంటి పనుల్లో ఆ అవకాశం పెరుగుతుంది. అన్నవాహిక కింది కండరం వదులవక తిండి దిగని అకలేషియా జబ్బుకి చేసే బెలూన్ వైద్యంలో నూటికి ఇద్దరు ముగ్గురికి పడొచ్చు. సంతకం చేయించుకునే కాగితంలో ఆ మాట ఉంటుంది. అక్కడ పడిన రంధ్రానికి ఒక వెసులుబాటు కూడా ఉంది: పేషెంట్ ఖాళీ కడుపుతో ఉంటాడు, చాలాసార్లు అక్కడికక్కడే కనిపెట్టి మూసేయొచ్చు. ఇంటికెళ్ళాక మొదలయ్యే ఛాతీ నొప్పి, జ్వరం, మెడ వాపు మాత్రం దాచుకోకూడదు. "టెస్ట్ అయ్యాక కొంచెం నొప్పి ఉంటుందిలే" అని రాత్రంతా ఓర్చుకోవడం వల్ల విలువైన గంటలు పోతాయి.

ఆ గంటలు ఎంత విలువైనవో అదే సమీక్ష చెబుతుంది. రంధ్రం పడిన 24 గంటల్లోపు వైద్యం మొదలైనవారిలో 14 శాతం మంది చనిపోతే, 24 గంటలు దాటాక మొదలైనవారిలో 27 శాతం మంది చనిపోయారు. దాదాపు రెట్టింపు. ఆ తర్వాత వైద్యం మెరుగుపడింది కానీ గడియారం విలువ మారలేదు.

ఎలా తేలుస్తారు

ఛాతీ ఎక్స్‌రేలో ఉండకూడని చోట గాలి కనిపించవచ్చు, ఊపిరితిత్తి చుట్టూ నీరు కనిపించవచ్చు. మొదటి గంటల్లో తీసిన ఎక్స్‌రే బాగానే ఉన్నట్టు కనిపించే అవకాశమూ ఉంది. ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా ఆధారపడేది సీటీ స్కాన్ మీద. నీళ్ళలో కరిగే ప్రత్యేకమైన మందు కొద్దిగా మింగించి స్కాన్ చేస్తే, మందు బయటికి కారుతున్న చోటు తెల్లగా కనిపిస్తుంది. నోటికి ఏమీ ఇవ్వొద్దన్న డాక్టరే మందు మింగిస్తున్నాడేమని కంగారు పడొద్దు. కారితే ఎక్కువ హాని చేయనిదాన్ని ఎంచుకునే ఇస్తారు. ఛాతీలోంచి తీసిన నీటిలో అమైలేజ్ అనే ఎంజైమ్ ఎక్కువగా ఉంటే అది ఉమ్మి నుంచి వచ్చిందని, అంటే గొట్టం కారుతోందని అర్థం. ఒక్కోసారి ఆ నీటిలో అన్నం మెతుకులే కనిపిస్తాయి.

ఎండోస్కోపీ కూడా చేస్తారు, కానీ జాగ్రత్తగా. అన్నవాహిక తెరుచుకోవడానికి మామూలుగా గాలి ఊదుతారు కదా, రంధ్రం ఉన్నప్పుడు ఆ గాలి ఛాతీలో నిండి ఊపిరితిత్తిని నొక్కేస్తుంది. అందుకని గాలికి బదులు ఒంట్లో త్వరగా ఇంకిపోయే కార్బన్ డయాక్సైడ్ వాడతారు.

కుట్టు ఒక్కటే వైద్యం కాదు

"చిరిగింది కదా, కుట్టేయండి" అని మనకి వెంటనే అనిపిస్తుంది. డాక్టర్ల ఆలోచన అక్కడ మొదలుకాదు. కారుతున్నది ఆపాలి, ఇప్పటికే కారి చేరినదాన్ని బయటికి తీయాలి, మానే వరకు మనిషిని వేరే దారిలో పోషించాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా మిగతా రెండూ నిలవవు. లోపల చీము ఉండగా ఎంత అందంగా కుట్టినా కుట్లు ఊడిపోతాయి.

కాబట్టి మొదటి గంటలో జరిగేవి చూడ్డానికి చాలా మామూలుగా ఉంటాయి: నోటికి ఏమీ ఇవ్వకపోవడం, సెలైన్, నరానికి బలమైన యాంటీబయాటిక్స్, చాలాసార్లు ఫంగస్‌కి మందు కూడా, ఆమ్లం తగ్గించే ఇంజెక్షన్, ఛాతీలో నీరు చేరితే పక్కటెముకల మధ్య నుంచి గొట్టం. "ఇంకా ఆపరేషన్ మొదలుపెట్టలేదేమిటి" అని బయట టెన్షన్ పడుతున్నప్పుడు లోపల అసలు వైద్యంలో సగం నడుస్తూనే ఉంటుంది.

కొందరికి ఇంతే చాలు. రంధ్రం చిన్నదై, కారింది ఒక చిన్న గదిలా చోటు చేసుకుని తిరిగి అన్నవాహికలోకే వచ్చేస్తూ, జ్వరం, బీపీ పడిపోవడం లాంటివి లేకపోతే ఆపరేషన్ లేకుండా చూడొచ్చని 1979లోనే డాక్టర్లు కొన్ని నియమాలు రాసుకున్నారు. మెడ భాగంలో పడిన రంధ్రాలు ఎక్కువగా ఈ దారిలోనే, లేదా చిన్న కోతతో చీము తీసేస్తే మానిపోతాయి. అలా ఉంచినంతకాలం గంటగంటకూ కనిపెట్టి చూడాలి. కొంచెం తేడా వచ్చినా దారి మార్చేయాలి. ఆపరేషన్ చేయకపోవడం ఇక్కడ నిర్లక్ష్యం కాదు, చాలా కష్టమైన నిర్ణయం.

ఛాతీలో గోడ మొత్తం తెగి, కారింది ఊపిరితిత్తుల చుట్టూ పాకితే ఆపరేషన్ తప్పదు. బూర్‌హావే రాసిన 1724 తర్వాత, ఇలా తెగిన మనిషిని ఆపరేషన్‌తో బతికించగలిగామని లండన్ సర్జన్ నార్మన్ బారెట్ 1947లో ప్రకటించేవరకు 223 ఏళ్ళు గడిచాయి. అన్నేళ్ళూ ఈ జబ్బు పేరు తెలుసు, ఎలా వస్తుందో తెలుసు, కానీ దాదాపుగా చనిపోయాకే బయటపడేది.

ఆపరేషన్‌లో ఒక చిన్న రహస్యం ఉంది. బయట కండరంలో కనిపించే చిరుగు కంటే లోపలి పొరలో చిరుగు పొడవుగా ఉంటుంది. కనిపించినంత మేర కుట్టి మూసేస్తే, కండరం కింద దాక్కున్న చివరలు కారుతూనే ఉంటాయి. అందుకే సర్జన్ ముందు ఆ కండరాన్ని ఇంకా కోసి తెరుస్తాడు. చిరిగినదాన్ని ఇంకా చీల్చడం వింతగా ఉంటుంది కానీ లోపలి చిరుగు రెండు చివరలూ కంటికి కనిపించాకే కుట్టు మొదలవుతుంది. ముందు లోపలి పొర, దానిపై కండరం. ఆ పైన పక్కటెముకల మధ్య కండరాన్నో, దగ్గర్లోని ఇంకొక రక్తం బాగా ఆడే కణజాలాన్నో తెచ్చి అతుకులా కప్పుతారు. అన్నవాహికకు దేవుడు ఇవ్వని ఆ బయటి పొరను సర్జన్ ఇలా చేత్తో సమకూరుస్తాడు. తర్వాత ఛాతీని లీటర్ల కొద్దీ సెలైన్‌తో కడిగి గొట్టాలు పెడతారు.

రోజులు గడిచి వచ్చిన పేషెంట్లో అంచులు పుచ్చిపోయి కుట్టు పట్టనంత మెత్తగా ఉంటే ఇంగ్లీషు T అక్షరం ఆకారపు గొట్టం పెట్టి కారేదాన్ని ఒక దారిలో బయటికి మళ్ళిస్తారు. మరీ విషమిస్తే అన్నవాహికను మెడ దగ్గర బయటికి తెచ్చి, ఉమ్మి అక్కడి సంచిలోకి వచ్చేలా చేస్తారు. కొన్ని నెలల తర్వాత పొట్టనో పెద్దపేగునో పైకి జరిపి కొత్త దారి కడతారు. ఆ నెలలు పేషెంట్‌కీ ఇంట్లోవాళ్ళకీ చాలా భారం. మెడ దగ్గర సంచి చూసి మనుషులు దూరం జరుగుతారు, భోజనం వాసన వచ్చినా తినలేని బాధ వేరు. ప్రాణం నిలపడానికి వేసిన తాత్కాలిక దారి అదని ఇంట్లో అందరికీ వివరంగా చెప్పాలి, పిల్లలకి కూడా.

నోటి దారిలోనే మరమ్మతు

గత 20 ఏళ్ళలో బాగా మారింది ఇక్కడే. ఎండోస్కోప్ చివర బిగించి పంపే ఎలుగుబంటిని పట్టే కోరల ఉచ్చు లాంటి పెద్ద క్లిప్ ఒకటి ఉంది, కొత్తగా పడిన చిన్న రంధ్రాన్ని గోడ మందం అంతా పట్టి ఒక్కసారిగా మూసేస్తుంది. పైన పొర ఉన్న స్టెంట్ అనే లోహపు జాలీ గొట్టాన్ని లోపల విప్పి రంధ్రానికి అడ్డుగా ఉంచి, నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత తీసేయొచ్చు. స్టెంట్‌కి రెండు లోపాలున్నాయి: అది జారిపోవచ్చు, ఛాతీలో ఇప్పటికే చేరిన చెత్తను అది బయటికి తీయలేదు. దానికి వేరే గొట్టం వేయాల్సిందే.

నాకు అన్నిటికంటే ఆశ కలిగించేది స్పాంజి పద్ధతి. షుగర్ ఉన్నవాళ్ళ కాలి పుండ్లకు స్పాంజి పెట్టి, మెషీన్‌తో పీల్చే డ్రెస్సింగ్ చాలామంది చూసే ఉంటారు. జర్మనీ డాక్టర్లు ఆ ఆలోచనను పేగుల లోపలికి, అక్కడి నుంచి అన్నవాహికలోకి తెచ్చారు. సన్నటి గొట్టం చివర కుట్టిన స్పాంజి ముక్కను ఎండోస్కోప్‌తో రంధ్రం దగ్గరో, అవతలి చీము గదిలోనో పెడతారు. గొట్టం ముక్కులోంచి బయటికి వచ్చి పీల్చే మెషీన్‌కి కలుస్తుంది. అది ఆగకుండా లాగుతుంటే చీము పోతుంది, వాపు తగ్గుతుంది, గది గోడలు దగ్గరికి ముడుచుకుంటాయి, కొత్త కణజాలం పుడుతుంది. ఊపిరి ఛాతీలోకి లాగుతుంటే, ఈ మెషీన్ అన్నవాహికలోకి వెనక్కి లాగుతుంది. మూడు నుంచి ఐదు రోజులకొకసారి స్పాంజి మార్చాలి, ప్రతిసారీ మత్తు, ఎండోస్కోపీ. రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఖర్చు, ఓపిక రెండూ కావాలి. కారడం మూసుకోవడంలో స్టెంట్ కంటే మెరుగ్గా ఉందని ఇటీవలి పోలికలు చెబుతున్నాయి.

ఇవన్నీ చేయగల చేతులు ప్రతి ఊళ్ళో ఉండవు. ఛాతీ ఆపరేషన్లు చేసే థొరాసిక్ సర్జన్, ఇలాంటి ఎండోస్కోపీ చేసే గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్, సీటీ, ఐసీయూ ఒక్కచోట ఉండాలి. తెలుగువాళ్ళకి ఈ విషయంలో హైదరాబాద్ దగ్గర్లో ఉండడం అదృష్టమే. విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ డి. నాగేశ్వర్‌రెడ్డి లాంటివారి వల్ల ఎండోస్కోపీలో హైదరాబాద్‌కి ప్రపంచమంతా పేరొచ్చింది. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ కూడా ఇచ్చారు. కానీ శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఉన్నవాళ్ళకి దారి పొడవు కూడా జబ్బులో భాగమే. అందుకని మొదటి ఆస్పత్రిలోనే యాంటీబయాటిక్స్, ఛాతీ గొట్టం మొదలుపెట్టించి, తర్వాత బయలుదేరాలి. బెడ్ ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. అనుమానం వచ్చిన డాక్టర్ "ఇది మా దగ్గర కాదు, వెంటనే వెళ్ళండి" అంటే కోపం తెచ్చుకోకండి. ఆయన ఆ మాట త్వరగా చెప్పడమే మీకు చేసిన మేలు.

ముల్లు, బ్యాటరీ, యాసిడ్

మా ఇంట్లో చేపల కూర రోజున గొంతులో ముల్లు గుచ్చుకుంటే మా అమ్మమ్మ అన్నం పెద్ద ముద్ద చేసి "నమలకుండా మింగు నాన్నా" అనేది. చాలాసార్లు పనిచేసింది కూడా. పులస లాంటి ముళ్ళ చేపలు తినే గోదావరి జిల్లాల్లో ఈ చిట్కా తెలియని ఇల్లు ఉండదు. గొంతు పైభాగంలో సన్నటి ముల్లు ఉంటే సరే, అదే కాస్త గట్టి ముల్లు, లేదా కోడి ఎముక ముక్క అన్నవాహికలో అడ్డంగా దిగి ఉంటే, ఆ ముద్ద దాన్ని గోడలోకి ఇంకా తోస్తుంది. ముద్ద, అరటిపండు ప్రయత్నాలు మానేసి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మింగుతుంటే నొప్పి ఛాతీలో తెలుస్తుంటే, ఉమ్మి కూడా మింగలేకపోతుంటే అత్యవసరం. మొనదేలిన వస్తువు అన్నవాహికలో ఉంటే వీలైతే 2 గంటల్లో, ఆలస్యమైనా 6 గంటల్లో తీసేయాలని యూరప్ డాక్టర్ల మార్గదర్శకం. చాలా అరుదుగా ముల్లు గోడ దాటి వెనకున్న పెద్ద రక్తనాళం దాకా వెళ్తుంది. ముల్లు మింగిన కొన్ని రోజులకు కొంచెం రక్తం వాంతి అయి ఆగిపోతే, ఆగిపోయింది కదా అని వదిలేయొద్దు. పెద్ద రక్తస్రావానికి ముందు వచ్చే హెచ్చరిక అదే కావచ్చు. రాత్రిపూట పెట్టుడు పళ్ళు తీసి పడుకోమని పెద్దవాళ్ళకి చెప్పేది కూడా నిద్రలో వాటిని మింగేస్తారనే.

చిన్నపిల్లలున్న ఇంట్లో రిమోట్, బొమ్మ, బరువు చూసే మెషీన్‌లలోని బిళ్ళ బ్యాటరీలు ముల్లు కంటే ఎన్నో రెట్లు భయంకరమైనవి. అవి తడి గోడకు తగిలి కరెంటు ప్రవహించి, అక్కడ బలమైన క్షారం తయారవుతుంది. 2 గంటల్లోనే లోతుగా కాలిపోతుంది. ఎక్స్‌రేలో నాణెంలాగే ఉంటుంది, అంచు చుట్టూ రెండో వలయం కనిపిస్తే బ్యాటరీ. నోటికి ఏమీ ఇవ్వొద్దన్న నియమానికి ఇక్కడ ఒక మినహాయింపు ఉంది: ఏడాది నిండిన పిల్లలు మింగి 12 గంటలు దాటకపోతే, ఆస్పత్రికి వెళ్తూ దారిలో 10 నిమిషాలకొకసారి రెండు చెంచాల తేనె, ఆరు సార్లకు మించకుండా ఇవ్వొచ్చు. తేనె బ్యాటరీకీ గోడకీ మధ్య పూతలా నిలిచి కాలడాన్ని నెమ్మదింపజేస్తుంది. ఏడాదిలోపు పిల్లలకు తేనె ఇవ్వకూడదు. తేనె కోసం వెతుకుతూ బయలుదేరడం ఆలస్యం చేయకూడదు. బ్యాటరీ తీసేశాక కూడా ఆ చోట రంధ్రం పడే ప్రమాదం రోజుల నుంచి వారాల దాకా ఉంటుంది, కాబట్టి డాక్టర్ మళ్ళీ రమ్మన్న తేదీ తప్పొద్దు.

బాత్రూమ్ యాసిడ్ తాగిన వాళ్ళ చేత వాంతి చేయించకూడదు. కాల్చుకుంటూ దిగినది మళ్ళీ కాల్చుకుంటూ పైకి వస్తుంది, ఆ ఒత్తిడికి మెత్తబడిన గోడ తెగుతుంది. ఉప్పునీళ్ళు, నిమ్మరసం, పచ్చిగుడ్డు ఏవీ వద్దు. సీసాతో సహా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

మళ్ళీ గుక్కెడు నీళ్ళు

మరమ్మతు అయ్యాక పేషెంట్ ప్రతిరోజూ అడిగే ప్రశ్న ఒకటే: నీళ్ళు ఎప్పుడు ఇస్తారు? అప్పటిదాకా ఆహారం చిన్నపేగులోకి పెట్టిన సన్నటి గొట్టం ద్వారా వెళ్తుంది. అది కుదరకపోతేనే నరం ద్వారా ఇస్తారు. పొట్టలో కాకుండా పేగులోకి ఎందుకంటే, పొట్టలో పోసింది పైకి ఎగదన్ని ఆ కుట్లనే తాకుతుంది. దాహం మాత్రం తీరదు. పెదాలకి తడి గుడ్డ అద్దొచ్చు, నోరు కడిగించి ఉమ్మించొచ్చు. చూడ్డానికి వచ్చిన చుట్టాలు జాలిపడి కొబ్బరినీళ్ళు పట్టించకుండా ఒకరు కాపలా ఉండాలి, ఇది నిజంగా అవసరం.

సాధారణంగా 7 నుంచి 10 రోజుల మధ్య మళ్ళీ మందు మింగించి స్కాన్ తీస్తారు. ఎక్కడా కారకపోతే ముందు నీళ్ళు, తర్వాత పలచటి జావ, తర్వాత మెత్తగా ఉడికిన అన్నం. కొందరికి మానిన చోట మచ్చ బిగుసుకుని వారాలకో నెలలకో దారి ఇరుకవుతుంది. మొదట చపాతీ, మాంసం ముక్కలు దిగవు, తర్వాత అన్నం కూడా. చిన్నగా నమిలి తింటే సర్దుకుంటుందిలే అని నెలలు గడిపేస్తారు. అలా గడపొద్దు, బెలూన్‌తో వెడల్పు చేస్తే సరిపోయే దశలోనే వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు పాత డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్ సీడీ తీసుకెళ్ళండి. ఆ గోడ ఎక్కడ తెగింది, ఏ వైపు కుట్టారు, క్లిప్ లోపల ఇంకా ఉందా అన్నది బెలూన్ పెట్టే డాక్టర్‌కి ముందే తెలియాలి.